ఆరు కిలోమీటర్లు
(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ అనుభవాలు చెప్పమని సంఘం వాళ్ళు అడిగారు. ఇరవై ఏళ్ళ కథ ఇరవై నిమిషాల్లో చెప్పడం కష్టం. అందుకని ఒక ఊరి గురించి, ఒక అబద్ధం గురించి మాత్రమే చెబుతాను. ఊరు షార్జా. అబద్ధం నాది.

షార్జా అన్న పేరు మా బ్యాచ్ వాళ్ళు మొదట ఎప్పుడు విన్నారో నేను చెప్పనక్కరలేదు. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులు. బస్టాండ్ దగ్గర హోటల్లో రేడియో చుట్టూ ముప్పై మందిమి నిలబడ్డాం. పాకిస్తాన్‌కు చివరి బంతికి నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ వేశాడు, మియాందాద్ సిక్సర్ కొట్టాడు. హోటలాయన రేడియో ఆపేసి "పొండ్రా ఇగ" అన్నాడు. ఆ రోజు నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డవాడు, ఇంటిదాకా ఒక్క మాటా మాట్లాడకుండా నాతో నడిచినవాడు నా పక్క బెంచీ మిత్రుడు. ఆయన ఇప్పుడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు గానీ, జరిగింది చెప్పడానికి ఒప్పుకున్నాడు. "పిల్లలకు పనికొస్తదంటే చెప్పు" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. నేను పాసయ్యాను. వాడు ఇంగ్లిష్‌లో పోయాడు. మళ్ళీ రాయలేదు. నేను ఇంటర్, ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసి, 2004లో గల్ఫ్ వెళ్ళాను. ఏసీ డక్టులు వేసే కంపెనీలో ఇంజనీర్‌ని. ఆఫీసు దుబాయ్‌లో అల్ కూజ్ అనే పారిశ్రామిక వాడలో. ఇల్లు షార్జాలో.

ఈ రెండు ఊళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఎమిరేట్స్ అంటే ఏడు చిన్న రాజ్యాలు కలిసిన దేశం. దుబాయ్, షార్జా అందులో రెండు. ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందో కొత్తవాళ్ళకు తెలియదు. షార్జా నిన్నమొన్న పుట్టిన ఊరు కాదు. 1932లోనే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు ఇంగ్లండు నుంచి ఇండియాకు వస్తూ అక్కడ ఆగేవి. ఆ పాత విమానాశ్రయం ఇప్పుడు మ్యూజియం. కానీ మా కాలానికి వచ్చేసరికి షార్జా అంటే రెండే మాటలు: ఫ్యాక్టరీలు, చవక అద్దెలు. దుబాయ్‌లో పనిచేసి దుబాయ్‌లో ఉండలేనివాళ్ళు షార్జాలో ఉంటారు. అక్కడా కుదరనివాళ్ళు ఇంకొంచెం ముందుకెళ్ళి అజ్మాన్‌లో ఉంటారు.

మేమున్న పేట పేరు అల్ నహ్దా. అదే పేరుతో దుబాయ్‌లోనూ ఒక పేట ఉంది. సరిహద్దుకు అటొకటి, ఇటొకటి. 2004లో మా ఒక బెడ్‌రూమ్ ఇంటికి ఏడాదికి 22,000 దిర్హమ్‌లు కట్టేవాణ్ని. అక్కడ అద్దె నెలనెలా కాదు, ఏడాదికి మూడో నాలుగో ముందు తేదీల చెక్కులు రాసివ్వాలి. మా బాల్కనీలో నిలబడితే కనిపించే అవతలి దుబాయ్ బిల్డింగుల్లో అలాంటి ఇంటికే 35,000 పైమాట. దిర్హమ్‌కు అప్పుడు పన్నెండు రూపాయలు. లెక్కల సారు నేర్పిన తీసివేత చాలు, ఎందుకు షార్జాలో ఉన్నానో చెప్పడానికి.

ఆ మిగులుకు మరో ఖర్చు ఉంది. అది డబ్బులో కనిపించదు. ఇంటి నుంచి ఆఫీసుకు దాదాపు పాతిక కిలోమీటర్లు. శుక్రవారం పొద్దున అయితే అరగంట. పనిరోజు సాయంత్రం రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పొద్దున ట్రాఫిక్ తప్పించుకోవాలంటే ఐదింబావుకే బయల్దేరాలి. ఆరింటికల్లా ఆఫీసు ముందుండేవాణ్ని. ఆఫీసు తెరిచేది ఎనిమిదింటికి. ఆ రెండు గంటలు కారు సీటు వెనక్కి వాల్చి పడుకునేవాణ్ని. నేనొక్కణ్నే కాదు, ఆ వీధి పొడవునా కార్లలో మనుషులు నిద్రపోతుండేవారు. అందరూ షార్జా, అజ్మాన్ వాళ్ళే. మలయాళీలు, తమిళులు, మనవాళ్ళు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఇంట్లోంచి వెళ్ళేటప్పటికి పిల్లలు లేవరు. వచ్చేటప్పటికి పడుకునేవారు. మా చిన్నది బడిలో "మా నాన్న శుక్రవారం ఇంట్లో ఉంటారు" అని రాసిందని టీచర్ మా ఆవిడకు చూపించింది. అది ఫిర్యాదేమీ కాదు, ఉన్న మాటే రాసింది.

ఇక మా పేటకు ఇవతల పారిశ్రామిక ప్రాంతం. దానికి పేర్లుండవు, నంబర్లే. ఇండస్ట్రియల్ ఏరియా ఒకటి, రెండు, మూడు, అలా పదిహేను దాటి పోతాయి. గ్యారేజీలు, స్టీల్ ఫ్యాబ్రికేషన్, అల్యూమినియం కిటికీలు, వడ్రంగం షెడ్లు, ప్రింటింగ్ ప్రెస్సులు, పాత కార్లు విప్పి విడిభాగాలు అమ్మే దుకాణాలు. దుబాయ్‌లో మీరు ఫొటోల్లో చూసే భవనాల తలుపులు, కిటికీలు, డక్టులు ఎన్నో ఇలాంటి షెడ్లలో తయారైనవే. ఆ షెడ్ల మధ్యలోనే కార్మికుల క్యాంపులు. ఒక గదిలో ఎనిమిది, పది మంది. మంచం మీద మంచం.

అక్కడ బ్యాచిలర్ అన్న మాటకు అర్థం వేరు. పెళ్ళికానివాడు కాదు. పెళ్ళాం పక్కన లేనివాడు. ముగ్గురు పిల్లల తండ్రి కూడా అక్కడ బ్యాచిలరే. "ఫ్యామిలీలకు మాత్రమే" అని బోర్డు పెట్టిన బిల్డింగుల్లో వాళ్ళకు గది దొరకదు. మాది ఆ బోర్డున్న బిల్డింగు.

ఇప్పుడు నా అబద్ధం.

ఊళ్ళో మా ఇంట్లో అందరూ "మావాడు దుబాయ్‌లో ఉంటాడు" అని చెప్పేవారు. మా చెల్లెలి పెళ్ళిపత్రికలో నా పేరు పక్కన దుబాయ్ అనే వేశారు. నేనూ దిద్దలేదు. వారానికి ఆరు రోజులు దుబాయ్‌లో పనిచేస్తున్నాను కదా, పూర్తి అబద్ధం కాదులే అనుకున్నాను. షార్జా అంటే తక్కువ అనిపించేది. చవక ఊళ్ళో ఉంటున్నానని తెలిస్తే నా జీతం ఎంతో లెక్కకట్టేస్తారన్న నామోషీ.

2006లో ఒక ఆదివారం అమ్మకు ఫోన్ చేస్తే, పక్కనే ఉన్న మిత్రుడి తల్లి ఫోన్ తీసుకుంది. "బిడ్డా, మావోడు గూడ ఆడికే వచ్చిండు. షార్జానట. నీకు దగ్గరనా?" అని అడిగింది.

నేను చెప్పిన జవాబు ఈ రోజుకీ నా చెవిలో ఉంది. "లేదు పెద్దమ్మా, చానా దూరం. నేను దుబాయిల ఉంట గదా" అన్నాను.

ఎందుకన్నాను? పత్రికలో వేసుకున్న దుబాయ్ నిలబెట్టుకోవాలి. అది ఒక కారణం. రెండోది ఇంకా చిన్నది. వాడొస్తే డబ్బు అడుగుతాడేమో, పని చూపించమంటాడేమో, శుక్రవారం పూట ఇంటికొచ్చి కూర్చుంటాడేమో అని భయం. నా భుజం మీద చెయ్యేసి నడిచినవాడి గురించి నేను అనుకున్నది అదీ. ఆవిడ "అట్లనా బిడ్డా, పైలం" అని ఫోన్ అమ్మకిచ్చేసింది. నా నంబరు కూడా అడగలేదు. అంత దూరంలో ఉన్నవాడి నంబరు ఎందుకనుకుందేమో.

మూడేళ్ళు గడిచాయి. 2008 చివర్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. దుబాయ్‌లో క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా ఆఫీసులో సగం మందిని పంపేశారు. నాకు జీతం కోసి ఉంచారు. అప్పుడు నా బాధ నాకే పెద్దగా ఉండేది.

2009 అక్టోబరులో ఒక శుక్రవారం షార్జాలో రోలా దగ్గరికి కూరగాయలకు వెళ్ళాను. రోలా అంటే మర్రి. ఒకప్పుడు అక్కడ పెద్ద మర్రిచెట్టు ఉండేదట, దాని గుర్తుగా ఇప్పుడు ఒక కట్టడం ఉంది. అప్పట్లో శుక్రవారం వచ్చిందంటే క్యాంపుల్లోని మనుషులంతా అక్కడికే వచ్చేవారు. డబ్బు పంపేచోట వరుసలు. గడ్డి మీద గుంపులు గుంపులుగా కూర్చునేవారు. ఒక గుంపులో భోజ్‌పురి వినిపించేది, ఒక దాంట్లో బెంగాలీ, ఒక దాంట్లో అచ్చం మన జగిత్యాల, సిరిసిల్ల మాట. ఆ మాట వినిపించి ఆగాను. గుంపు చివర కూర్చున్నవాడు తల ఎత్తాడు. వాడే.

బాగా చిక్కిపోయాడు. గబుక్కున లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "దుబాయి నుంచి గింత దూరం కూరగాయలకొచ్చినవారా?" అన్నాడు. "ఎక్కడ ఉంటున్నవ్?" అని అడిగాడు.

అల్ నహ్దా అన్నాను.

వాళ్ళ కంపెనీ బస్సు రోజూ ఆ పేట మీదుగానే పోయేదట. మా ఇంటి ముందున్న సహారా సెంటర్ వాడికి తెలుసు. "గీడనేనా?" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. తర్వాత నేను కారు మీటరు చూసి కొలిచాను. మా బిల్డింగు నుంచి వాడి క్యాంపుకు ఆరు కిలోమీటర్లు.

ఆ సాయంత్రం వాడు చెప్పింది ఇది. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టి వచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. చెప్పిన జీతం వెయ్యి దిర్హమ్‌లు, ఇచ్చింది ఆరువందలు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. మే నెల నుంచి జీతం లేదు. మేనేజర్లు కనబడటం మానేశారు. క్యాంపులో కరెంటు తీసేశారు. జులైలో ఊళ్ళో తండ్రి చనిపోయాడు. పాస్‌పోర్టు లేదు, టికెట్‌కు డబ్బు లేదు, ఎవరిని అడగాలో తెలియదు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. వీడు గదిలో తొమ్మిది మంది మధ్య పది రోజులు మైల పట్టాడు. అందరికీ తెలుస్తుందని ఏడవడానికి కూడా బాత్రూమ్‌కు పోయానన్నాడు. ఇంటికి మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "నేను మంచిగున్న" అనే చెప్పాడు.

ఆ జులైలో నేను ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. నా జేబులో క్రెడిట్ కార్డు ఉంది. అరబిక్‌లో అర్జీలు రాసిపెట్టే టైపింగ్ సెంటర్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. వాడికి కావలసింది ఆస్తిపాస్తులు కాదు. వెంట వచ్చే ఒక తెలిసిన మనిషి.

తర్వాతి వారం ఇద్దరం కార్మిక శాఖకు వెళ్ళాం. ఆ దేశంలో యజమాని కార్మికుడి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. జీతం ఇవ్వకపోతే ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే కోర్టుకు పంపుతారు, కార్మికుడికి కోర్టు ఫీజు ఉండదు. ఇవన్నీ అప్పటికే ఉన్న నియమాలు. గది గోడకు ఎవరూ అంటించలేదు, అంతే. మూడు నెలలు తిరిగాం. ఏడెనిమిది సార్లు వెళ్ళి ఉంటాం. చివరికి బాకీలో సగం పైన వచ్చింది, పాస్‌పోర్టు వచ్చింది, టికెట్ ఇచ్చారు. 2010 జనవరిలో ఊరికొచ్చాడు. అప్పు మాత్రం తీరలేదు. ఇరవై గుంటలు అమ్మాడు.

ఎయిర్‌పోర్టుకు దింపడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మతో అన్న మాట చెప్పాను. దాచుకుని ఉండలేకపోయాను. "ఎరికేరా, అమ్మ అప్పుడే చెప్పింది" అన్నాడు. కాసేపాగి, "నేను గూడ మంచిగున్న అనే చెప్పిన గదా ఇంట్ల. నువ్వొకటి చెప్పినవ్, నేనొకటి చెప్పిన" అన్నాడు. వాడు పెద్దమనసుతో రెండూ సమానం చేశాడు గానీ, రెండూ సమానం కాదని నాకు తెలుసు. వాడి అబద్ధం తల్లికి నిద్ర పట్టడానికి. నాది నా పెళ్ళిపత్రిక కోసం.

డబ్బిస్తానంటే ఊరికే వద్దన్నాడు. వెల్డింగ్ మిషన్‌కు అప్పుగా తీసుకుని మూడేళ్ళలో తీర్చేశాడు. ఈ రోజు మీరు లోపలికొచ్చిన మన బడి కొత్త గేటు వాడి షాపులో తయారైందే.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నది. ఒక నోటు పుస్తకం పెట్టాను. మన మండలం వాళ్ళు షార్జా, అజ్మాన్‌లలో ఎవరెక్కడ ఉన్నారో రాయడం మొదలుపెట్టాను. పేరు, క్యాంపు, కంపెనీ, ఫోన్ నంబరు, ఊళ్ళో ఎవరికి చెప్పాలి. మొదటి నెల పదకొండు పేర్లు. తర్వాత అది వాట్సాప్ గ్రూపు అయింది. మా ఇంట్లో శుక్రవారం పూట అన్నం ఎక్కువ వండటం మా ఆవిడకు అలవాటైంది. నేను భయపడినట్టు ఎవరూ వచ్చి నెత్తిన కూర్చోలేదు. వచ్చినవాళ్ళు గిన్నెలు కడిగి వెళ్ళేవారు.

ఆ పుస్తకం విలువ 2024 ఏప్రిల్ 16న బాగా తెలిసింది. ఆ రోజు ఎమిరేట్స్‌లో కురిసిన వాన 1949లో లెక్కలు రాయడం మొదలైన తర్వాత ఎన్నడూ కురవలేదు. షార్జాలో కొన్ని పేటల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. కరెంటు లేదు, లిఫ్టులు లేవు. ఎవరెవరు ఏ బిల్డింగులో ఉన్నారో మా దగ్గర రాసి ఉంది. బాలింత ఒకరు పన్నెండో అంతస్తులో ఉన్నారని తెలుసు. మన కుర్రాళ్ళు నడుముదాకా నీళ్ళలో నడిచి, మెట్లెక్కి నీళ్ళ బాటిళ్ళు, పాల డబ్బాలు చేర్చారు. వెళ్ళింది క్యాంపుల్లో ఉండే బ్యాచిలర్లు. సాయం అందింది బోర్డున్న ఫ్యామిలీ బిల్డింగుల వాళ్ళకు. నేను ఇది ఎవరికీ ఎత్తిచూపలేదు, నాకు నేనే చెప్పుకున్నాను.

చిన్నారులూ, మీకు నాలుగు మాటలు.

ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్ తేలిగ్గా తీసుకోకండి. అది చేతిలో ఉంటే మీ పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర పడదు. అది లేకపోతే గల్ఫ్ ఉద్యోగానికి వెళ్ళేందుకు ప్రభుత్వ ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. ఆ అనుమతి మనల్ని కాపాడటానికే ఉంది. కానీ దాన్ని తప్పించి విజిట్ వీసా మీద తోలేసే ఏజెంట్లు ఉన్నారు. ఇంగ్లిష్ పేపర్ ఒకసారి పోతే మళ్ళీ రాయండి. మా బ్యాచ్‌లో ఒక్క సప్లిమెంటరీ రాయనందుకు ఎంత ఖర్చయిందో ఇప్పుడే విన్నారు.

రెండు, ఏజెంటు దగ్గర కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము ముప్పై వేలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. పత్రం మీద రాసిన జీతమే జీతం, నోటిమాట జీతం కాదు.

మూడు, అక్కడి నియమాలు తెలుసుకుని వెళ్ళండి. 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఏడాది దాటి పనిచేసినవాళ్ళకు మానేసేటప్పుడు గ్రాట్యుటీ రావాలి. తెలిసినవాడు అడుగుతాడు. తెలియనివాడు వదిలేసుకుంటాడు.

నాలుగోది తల్లిదండ్రులకు కూడా. ఇంటికి నిజం చెప్పండి. ఇంటివాళ్ళు కూడా నిజం వినడానికి సిద్ధంగా ఉండండి. "మావోడు దుబాయిల ఉన్నడు" అని మనం ఊళ్ళో చెప్పుకునే మాట అక్కడున్నవాడి నెత్తి మీద ఎంత బరువవుతుందో అనుభవించినవాణ్ని.

ఆఖరుగా సంఘానికి ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ సంచికలో డాక్టర్లు, ఇంజనీర్లు, అధికారులైన మన పూర్వ విద్యార్థుల జాబితా వేశారు. అందులో నా పేరు కూడా ఉంది. సంతోషం. వచ్చే ఏడాది ఇంకో పుస్తకం వేద్దాం. అందులో హోదాలు వద్దు. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సరే, పాసైనా ఫెయిలైనా సరే, ఏ ఊళ్ళో ఉన్నారు, ఫోన్ నంబరు ఎంత, అంతే. భివండిలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, షార్జాలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా. రాసే పని నేను చేస్తాను. నా దగ్గరున్న నోటు పుస్తకం ఇవాళ కార్యదర్శి గారికి అప్పగిస్తున్నాను. అందులో ఇప్పటికి రెండు వందల పద్నాలుగు పేర్లున్నాయి.

మొదటి పేజీలో మొదటి పేరు, మూడో వరుసలో కూర్చున్న నా మిత్రుడిది. రెండోది నాది. నా పేరు పక్కన, ఆలస్యంగానైనా, షార్జా అనే రాసుకున్నాను.